రెండు చుట్ల తీగ

మార్చి 4

బావ ఇవాళ కూడా అందరి ముందూ నన్ను డిప్లొమా అనే పిలిచాడు. "ఏమ్మా డిప్లొమా, ఆ స్క్రూడ్రైవర్ ఇటందుకో." కౌంటర్ దగ్గరున్న కస్టమర్లు నవ్వారు. చేతికి ఇవ్వలేదు, బల్ల మీద పెట్టాను. కావాలంటే లేచి తీసుకుంటాడు.

మ్యూజియం నుంచి మిషన్ వచ్చింది. నేను పుట్టకముందు ఇళ్లలో వాడిన కంప్యూటర్. కీబోర్డూ లోపలి బోర్డూ అన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి, వైరు తీసుకెళ్లి టీవీకి తగిలించాలి. ఒకప్పుడు తెల్లగా ఉండేదట. ఇప్పుడు ముసలివాళ్ల పళ్ల రంగులో ఉంది.

క్యురేటర్ మేడమ్ స్వయంగా తెచ్చింది. "పెట్టగానే బాగానే నడుస్తుంది. కాసేపటికి తెర నిండా పిచ్చి అక్షరాలు. తర్వాత ఏ మీట నొక్కినా కదలదు. ఆపేసి చల్లారనిస్తే మళ్లీ మామూలే" అంది.

"మా ఆవిడకీ ఇదే రోగం మేడమ్. పొద్దున ఒకలా ఉంటుంది, ఎండెక్కాక ఒకలా" అన్నాడు బావ. ఆమె నవ్వలేదు. నేనూ నవ్వలేదు. అక్కడ లేని మనిషి మీద జోకు వేసి గొప్ప అనుకుంటాడు.

వచ్చే నెల మ్యూజియంలో కంప్యూటర్ల గది తెరుస్తున్నారు. తెరిచినప్పటి నుంచి మూసేదాకా ఈ మిషన్ ఆగకుండా నడవాలి. నడిపించిన మనిషినే ఆ గదికి టెక్నీషియన్‌గా పెట్టుకుంటానని మేడమ్ చెప్పింది. మిగతా పాత మిషన్ల రిపేరు పని మా షాపుకే ఇస్తుందట. ఓనరు గారు చేతులు రుద్దుకున్నారు. "మా వాళ్లిద్దరూ ఉన్నారమ్మా. ఎవరు చేస్తే వాళ్లని తీసుకెళ్లండి. షాపుకి పని మిగిలితే చాలు."

టెక్నీషియన్‌కి మ్యూజియం వెనక ఒక గది ఇస్తారు. అడిగాను, తలుపు ఉందట. లోపల గడియ కూడా ఉందట.

నాకు ఆ గడియ కావాలి.


మార్చి 5

అక్క ఇంట్లో నా మంచం నడవలో ఉంటుంది. స్నానాలగదికి వెళ్లేవాళ్లందరూ నా కాళ్లకి తగులుకుంటూ వెళ్తారు. బావ మాత్రం ప్రతిసారీ "రైలు బోగీలో పడుకున్నట్టుంది మీ చెల్లి" అంటూ వెళ్తాడు. అక్క నవ్వుతుంది. తప్పదు కదా, ఆమె మొగుడు.

ఈ సాయంత్రం అక్క బట్టలు మడతపెడుతూ అడిగింది. "మ్యూజియంలో ఏదో పని ఉందటగా. మీ బావకి వస్తే బాగుండు. ఆ టంకం పొగలో కూర్చుని కూర్చుని ఎలా దగ్గుతున్నాడో చూశావుగా."

"ఎవరు బాగుచేస్తే వాళ్లకే అక్కా."

"అంటే నువ్వూ అడుగుతావా?"

"ఎందుకు అడగకూడదు?"

"అడగొద్దని నేనన్నానా?" అని దిండు గలీబు గట్టిగా దులిపింది.

మా ఇంట్లో బడికి వెళ్లింది నేనొక్కదాన్నే. అమ్మ ఇప్పటికీ వేలిముద్రే వేస్తుంది. నన్ను బళ్లో వేసిన ఏడాదే అక్కని కుట్టుమిషన్ ముందు కూర్చోబెట్టారు. ఆ మాట అక్క ఎప్పుడూ అనదు. అననక్కర్లేదు కూడా, ఇంట్లో కుట్టుమిషన్ చప్పుడే అంటూ ఉంటుంది. నేనేమైనా చెయ్యమన్నానా? అప్పుడు నా వయసెంత? నన్నెవరు అడిగారు?


మార్చి 7

ముందు కరెంటు. ఏ జబ్బుకైనా ముందు చూడాల్సింది అదే. బోర్డుకి అయిదు వోల్టులు కావాలి. చల్లగా ఉన్నప్పుడు అయిదే, తెర పిచ్చెక్కినప్పుడూ అయిదే. మీటరు ముల్లు కదల్లేదు. కాబట్టి తప్పు కరెంటుది కాదు.

ఆ మాట చెబితే బావ వినిపించుకోలేదు. "ఇంత లెక్కెందుకు? బోర్డు తిప్పి అన్ని జాయింట్లకీ ఒకసారి టంకం ఐరన్ తగిలించు. సగం రోగాలు అక్కడే కుదురుతాయి."

"ఏ జాయింటుకి జబ్బో తెలియకుండానా?"

"తెలిసి నువ్వేం చేస్తావ్, పటం కట్టించి గోడకి పెట్టుకుంటావా? నడిస్తే చాలు."

"మేడమ్ ఏం చెప్పింది? అక్కర్లేని చోట వేడి తగలనివ్వొద్దంది. అరుదైన బోర్డు."

"మేడమ్ చెప్పింది, పుస్తకం చెప్పింది. నీకంటూ ఒక మాట లేదా?"

ఓనరు గారు కౌంటర్ దగ్గర నుంచి "మాటలు తగ్గించండి నాయనా, అవతల మనుషులున్నారు" అన్నారు. ఆయన ఒకప్పుడు ఈ బల్ల మీద పెద్ద చెయ్యట. ఇప్పుడు చూపు ఆనదు. రసీదు కూడా ముక్కుకి ఆనించుకుని చదువుతారు. బావకి ఈ పని నేర్పింది ఆయనే.

నాకు మాత్రం ఎవరూ నేర్పలేదు. చూసి నేర్చుకున్నాను.


మార్చి 8

వేడికి ఆగేదాన్ని పట్టుకోవాలంటే వేడే పెట్టాలి. బోర్డులో ఒక్కో మూలకి వేడి గాలి కొట్టి ఎక్కడ కొడితే ఆగుతుందో చూడాలి. ఆగాక ఒక్కో చిప్పునీ చల్లబరిచి దేనితో లేస్తుందో చూడాలి. కాలేజీలో చెప్పారు. చేసి చూపించలేదు, చెప్పారు.

పక్క బ్యూటీపార్లర్ ఆవిడ దగ్గర హెయిర్ డ్రయర్ అడిగి తెచ్చాను. "ఏంటి, కంప్యూటర్‌కి తలంటు పోశారా?" అందావిడ. బావ వెంటనే అందుకున్నాడు. "తలంటు అయిపోయింది, ఇక జడ వెయ్యడమే. మా డిప్లొమా అన్నీ పద్ధతిగా చేస్తుంది." ఆవిడ పడీపడీ నవ్వింది. ఒళ్లు మండిపోయింది. డ్రయర్ మాత్రం తీసుకున్నాను.

కుడి పక్కన మెమరీ చిప్పుల వరస మీద గాలి కొట్టగానే తెర పాడైంది. మిగతా చోట్ల ఎంత కొట్టినా ఏమీ కాలేదు.

చల్లబరిచే స్ప్రే కోసం చూస్తే డబ్బా లేదు. షాపంతా వెతికాను. బావ వాచీ చూసుకుంటూ ఈల వేస్తున్నాడు. ఆ ఈల వినగానే అర్థమైంది.

చివరికి నా సంచిలోనే, మల్టీమీటర్ కింద దొరికింది. బావే పెట్టి ఉంటాడు.


మార్చి 11

దొరికింది!

వరసలో చివరి చిప్పు. తెర పాడయ్యాక దాని మీద స్ప్రే కొడితే ఒక్క క్షణంలో అక్షరాలు సర్దుకున్నాయి. మళ్లీ వేడి చేస్తే పాడు, మళ్లీ చల్లబరిస్తే బాగు. ప్రతిసారీ అంతే. ఇంకేం రుజువు కావాలి?

పాత సామాన్ల డబ్బాలోంచి అలాంటి చిప్పు తీసి మార్చాను. అరగంట పట్టింది. "చిప్పు కాలు మాడుతోంది, ఐరన్ తీసెయ్ తీసెయ్" అని బావ వెనక నుంచి అరిచాడు. ఎవరూ అడగలేదు. తీశాను, ఎలాగూ తీద్దామనే అనుకున్నాను. "ఫ్లక్స్ పేస్టు రాసుకో. ఇంకాస్త. ఆఁ, అలా." తన చెయ్యి లేకపోతే ఏ పనీ జరగదని ఆయన నమ్మకం.

పొద్దుపోయేదాకా నడిచింది. తెర మీద నా పేరు కొట్టి వదిలేశాను. షాపు మూసేటప్పటికీ అలాగే ఉంది. ఓనరు గారు దగ్గరికొచ్చి తెర మీదికి వంగి "బాగుందమ్మాయ్" అన్నారు. బావ డ్రయర్ వైరు చుట్టి పార్లర్‌లో ఇచ్చి వచ్చాడు. ఓడిపోయినవాడికి చేసుకోవడానికి ఏదో ఒక పని కావాలి కదా.

ఇంటికొచ్చాక అక్క "అయిపోయిందా?" అని అడిగింది. "అయిపోయింది" అన్నాను. ఇంకేమీ అడగలేదు. నేను సంతోషంగా ఉంటే ఎందుకు అందరికీ నోళ్లు పడిపోతాయి?


మార్చి 13

రాయాలని లేదు. కానీ రాస్తాను.

ఓనరు గారూ బావా నేనూ మిషన్ తీసుకుని మ్యూజియంకి వెళ్లాం. ఆ గది ఇంకా తయారవుతోంది. ఏసీ పెట్టలేదు. కిటికీలన్నీ కాగితాలు అంటించి మూసేశారు. మిషన్‌ని గాజు పెట్టెలో పెట్టి నడిపించమంది మేడమ్, జనం వచ్చినప్పుడు అలాగే ఉంటుందట. పెట్టాను. నడిచింది. ఎలా కనిపెట్టానో చెప్పడం మొదలుపెట్టాను. వేడి గాలి, స్ప్రే, చిప్పు. మేడమ్ చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ శ్రద్ధగానే వింది. నేను "ఇక ఈ లోపం రాదు" అంటుండగా ఆమె చూపు నా భుజం మీదుగా తెర మీదికి పోయింది.

తిరిగి చూశాను. తెర నిండా పిచ్చి అక్షరాలు.

బావ పకపకా నవ్వాడు. అక్కడే, వడ్రంగి మనుషుల ముందే. "ఈ పాఠం రోజు కాలేజీకి సెలవిచ్చారా?"

తల కొట్టేసినట్టయింది. మేడమ్ కోప్పడనైనా కోప్పడలేదు. "శనివారం మళ్లీ షాపుకి వస్తాను. అప్పటికి కాకపోతే వేరే షాపు చూసుకుంటాను" అని ఓనరు గారితో చెప్పింది. నాతో కాదు.

మిషన్‌ని వెనక్కి తెస్తుంటే దారిలో ఓనరు గారన్నారు. "శుక్రవారం దాకా చూడమ్మాయ్. కాకపోతే వాడి పద్ధతిలో వాణ్ని చెయ్యనిస్తా. అన్ని జాయింట్లకీ ఐరన్ పెట్టి ఇచ్చేద్దాం."

బావ కిటికీలోంచి బయటికి చూస్తూ దగ్గుతున్నాడు. నవ్వు ఆపుకోవడానికే దగ్గు అని నాకు తెలుసు.


మార్చి 14

ఎవరితోనూ మాట్లాడలేదు.

అక్క నా పళ్లెం మంచం దగ్గరికే తెచ్చి పెట్టింది. "ఆయన నోటికి అడ్డూ అదుపూ లేదు, మనసులో ఏమీ ఉండదు" అంది. అందరి మనసుల్లోనూ ఏమీ ఉండదు. అన్నీ నోట్లోనే ఉంటాయి. నోట్లో ఉన్నవే నాకు తగులుతాయి.


మార్చి 15

నిజంగా దొరికింది. ఈసారి నిజంగానే.

తప్పు చిప్పుది కాదు. స్ప్రే ఒక్క చిప్పునే చల్లబరుస్తుందనుకోవడం నా పొరపాటు. దాని కింద బోర్డూ చల్లబడుతుంది, బోర్డు వెనక ఉన్నదీ చల్లబడుతుంది. నిన్నంతా ఇదే ఆలోచించాను. పొద్దున్నే షాపుకి వెళ్లి మిషన్ వేడెక్కి పాడయ్యేదాకా ఊరుకున్నాను. తర్వాత స్ప్రే ముట్టుకోకుండా చెక్క పుల్లతో బోర్డుని అక్కడక్కడా మెల్లగా నొక్కాను. ఆ మూల దగ్గర నొక్కితే అక్షరాలు సర్దుకున్నాయి, వదిలితే పోయాయి. చల్లదనంతో పని లేదు. ఎక్కడో అతుకు విడిపోతోంది. వేడికి బోర్డు సాగుతుంది, అతుకు నోరు తెరుస్తుంది. చల్లారితే మూసుకుంటుంది.

బోర్డు విప్పి తిరగేశాను. భూతద్దం పెట్టాను.

వెనక ఒక పాత తీగ ఉంది, చిప్పు మార్చిన రోజు దాన్ని సరిగ్గా చూడలేదు. ఎప్పుడో బోర్డు మీది రాగి గీత తెగిపోతే ఎవరో పైనుంచి తీగ వేసి అతికించారు. రాగి గీత మీద గోకిన గాట్లు కూడా ఉన్నాయి. తీగ కొసని పక్క చిప్పు కాలుకి రెండు చుట్లు చుట్టి, కొనని లోపలికి నొక్కి, పైన టంకం వేశారు. ఆ టంకం చుట్టూ వెంట్రుక అంత సన్నటి పగులు.

రెండు చుట్లు, కొన లోపలికి.

అది బావ చెయ్యి. షాపులో ఎవరిని అడిగినా చెబుతారు. నేను చేరిన కొత్తలో అందరూ తీగని ఊరికే ఆనించి అతికిస్తుంటే ఆయనొక్కడే చుట్టడం చూసి, ఎందుకని అడిగాను కూడా. "టంకం జిగురు కాదమ్మా. ముందు తీగ తనంతట తాను పట్టుకుని నిలబడాలి. ఆ తర్వాతే టంకం" అన్నాడు. ఏదో పెద్ద వేదాంతం చెప్పినట్టు.

మూత లోపల మా షాపు స్టిక్కర్ ఉంది. దాని మీది అక్షరాలన్నీ వెలిసిపోయాయి, షాపు బొమ్మ మాత్రం కనిపిస్తోంది. అంటే ఈ మిషన్ ఇంతకుముందే మా షాపుకి వచ్చింది.

ఇప్పుడు అన్నీ కలుస్తున్నాయి. "అన్ని జాయింట్లకీ ఐరన్ తగిలించు" అని మొదటి రోజు నుంచీ ఎందుకు పోరుతున్నాడు? అన్నిటికీ ఐరన్ పెడితే తన పాత పని కూడా కరిగిపోతుంది. ఎవరికీ తెలియదు. నేను వెతుకుతుంటే అన్నిరోజులూ వెక్కిరించింది అందుకే. భయం!

పాత తీగ విప్పి పారేశాను. గాట్లు శుభ్రం చేసి కొత్త తీగ వేశాను. డ్రయర్ మళ్లీ అడిగి తెచ్చి ఎంత సేపు పెట్టినా, పుల్లతో ఎంత నొక్కినా అక్షరం చెదరలేదు.

విప్పకముందే పాత తీగనీ గాట్లనీ భూతద్దం కింద ఫోటో తీసి ఉంచాను. అంతే. ఇంకేం చెయ్యాలో ఆలోచించలేదు.


మార్చి 16

మేడమ్ వచ్చింది. గాజు పెట్టె కూడా తెప్పించింది. పక్కనే హీటర్ పెట్టి నడిపించాం. ఈసారి నేను మధ్యలో ఏమీ మాట్లాడలేదు. భోజనాల వేళ దాటింది, టీలు తాగాం, తెర చెక్కుచెదరలేదు.

"ఇంతకీ ఏమిటి లోపం?" అంది మేడమ్.

ఫోటో చూపించాను. గాట్లు చూసి ఆమె మొహం మారిపోయింది. "ఇలాంటి బోర్డులు ఎన్ని మిగిలాయో తెలుసా? దీన్ని మేకుతో గోకారా? ఎవరీ కసాయి పని చేసింది?" వెంటనే తనే సర్దుకుంది. "పోన్లే. ఎవరో ఎప్పుడో చేసి ఉంటారు. ఇప్పుడు నడుస్తోంది కదా."

అక్కడితో ఊరుకుని ఉండొచ్చు.

"ఎవరో కాదు మేడమ్. మా షాపులోనే చేశారు. ఈ చుట్టు మా బావది" అన్నాను. అక్కడితో ఆపాననే అనుకున్నాను. ఆపలేదు. "అది తెలిసే బోర్డు మొత్తం మళ్లీ టంకం వేసేద్దామన్నాడు" అని కూడా అన్నాను.

ఓనరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నారు. బావ వచ్చి నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. ఫోటోని పెద్దది చేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"నా చెయ్యి లాగే ఉంది" అన్నాడు. "గుర్తు లేదు. కానీ నా చెయ్యి లాగే ఉంది."

ఒప్పుకున్నాడు. అందరూ విన్నారు.

మేడమ్ ఓనరు గారి వైపు తిరిగింది. "ఇలాంటి చెయ్యి ఉన్న చోటికి మిగతా మిషన్లు ఎలా పంపమంటారు?"

ఓనరు గారు కళ్లద్దాలు పెట్టుకున్నారు. "వాడు రేపట్నుంచి రాడమ్మా" అన్నారు. ఒక్క ముక్క, అంతే.

బావ తన ఐరన్ చల్లారేదాకా ఆగాడు. తర్వాత వైరు చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. అది ఆయన సొంతం. వెళ్తూ నా వైపు చూసి ఏదో అనబోయాడు. డిప్లొమా అంటాడేమో అనుకున్నాను. అనలేదు.

నేను చెప్పింది నిజం. లోపం ఎక్కడుందో చెప్పడమే నా పని. చదువుకున్నది అందుకే కదా.


మార్చి 17

అక్క నాతో మాట్లాడటం లేదు. కొట్టలేదు, తిట్టలేదు. నా బట్టలన్నీ ఉతికి, మడతపెట్టి, పెట్టెలో సర్ది గుమ్మం దగ్గర పెట్టింది. తడి ఆరని వాటిని వేరే సంచిలో పెట్టింది.

"ఏమైనా అను అక్కా" అన్నాను.

"చదువు రానిదాన్ని, నేనేమంటాను?" అంది.

అది తిట్టు కాదా?


ఏప్రిల్ 2

గది తెరిచారు. జనం బాగా వచ్చారు. తెల్లకోటు ఇచ్చారు, జేబు మీద మ్యూజియం ముద్ర ఉంది. తెరిచినప్పటి నుంచి మూసేదాకా మిషన్ ఆగలేదు. మేడమ్ దాటుతూ దాటుతూ తల ఊపింది.

గడియ గట్టిది. వేసుకుని, తీసి, మళ్లీ వేసుకున్నాను.


ఏప్రిల్ 5

బావ బస్టాండు దగ్గర గొడుగు వేసుకుని మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేస్తున్నాడని పార్లర్ ఆవిడ చెప్పింది. ఆరుబయటే కదా, పొగ లోపల నిలవదు. ఒకందుకు దగ్గుకి మంచిదే.


ఏప్రిల్ 9

అక్క వచ్చింది. అందరిలాగే టికెట్ కొనుక్కుని, వరసలో నిలబడి వచ్చింది. నేను చూసేసరికి మిషన్ ముందు ఉంది.

"ఇదేనా?"

"ఇదే."

"ఇంతేనా? నేను బీరువా అంత ఉంటుందనుకున్నా."

టికెట్ ఎందుకు కొన్నావ్, నా పేరు చెబితే వదిలేవారు కదా అన్నాను. "నీ పేరు చెప్పుకుని లోపలికి రావాలా నేను?" అంది. పక్కనున్నవాళ్లు తిరిగి చూశారు. భోజనాలకి గది మూసేదాకా కూర్చోమన్నాను. కూర్చోలేదు. గోడకి ఆనుకుని నిలబడింది.

తలుపు వేశాక నా దగ్గరికొచ్చింది. "మా ఆయన పాడుచేశాడన్నావుగా. ఎక్కడో చూపించు."

"నీకు అర్థం కాదక్కా."

"చూపించు."

మిషన్ ఆపి, డబ్బా విప్పి, బోర్డు తిప్పాను. భూతద్దం ఇచ్చాను. కుట్టుపని చేసే కళ్లు కదా, నేను వేలు పెట్టకముందే తీగ కనిపెట్టేసింది.

"ఇదిగో ఈ తీగ. రెండు చుట్లు చుట్టి కొన లోపలికి నొక్కాడు. ఇదేగా ఆయన చేసింది?"

"అది కాదు. అది నేను కొత్తగా వేసింది."

అక్క భూతద్దం దించి నా మొహంలోకి చూసింది. మళ్లీ తీగని చూసింది.

"నువ్వు వేసిందా?"

"అవును."

"మా ఇస్త్రీపెట్టె తీగ ఇలాగే ఉంటుంది. నా కుట్టుమిషన్ మోటారుదీ ఇంతే." మెల్లగానే అంది. "నీకెవరు నేర్పారే ఇది?"

చూసి నేర్చుకున్నానన్నాను.

"అయితే ఆయనది ఏది?"

"తీసి పారేశాను. ఫోటో ఉంది."

"ఫోటోలో ఉన్నది ఆయనదేనని నీకెలా తెలుసు? ఇదీ అలాగే ఉంది. ఇది ఆయనది కాదంటున్నావ్."

ఆయనే ఒప్పుకున్నాడని చెప్పాను.

"ఆయనా? ఆయన్ని గట్టిగా అడిగితే వాన పడిందీ తనవల్లేనంటాడు. ఆ షాపులో చేరిన నాటి నుంచి ఎన్ని బోర్డులు చేశాడో ఆయనకి గుర్తుంటుందా? గుర్తు లేదన్నాడా లేదా?"

అన్నాడు.

"నువ్వు ఆ ముక్క మాత్రం వినలేదు" అంది. తలుపు గడియ తనే తీసుకుని వెళ్లిపోయింది.

డబ్బా బిగించేసరికి భోజనాల వేళ అయిపోయింది.


ఏప్రిల్ 10

సెలవు పెట్టి షాపుకి వెళ్లాను. బావ కుర్చీలో ఎవరూ లేరు. ఓనరు గారు కౌంటర్ దగ్గర ఒక్కరే ఉన్నారు.

"ఆ తీగ చుట్టడం బావకి ఎవరు నేర్పారు?" అని అడిగాను.

"నేనే. ఇంకెవరు నేర్పుతారు?"

"అయితే మ్యూజియం మిషన్‌లో ఉన్నది..."

"నాదే అయ్యుండొచ్చు" అన్నారు, ఏమాత్రం తడుముకోకుండా. "అలాంటి మిషన్ ఒకటి మీ బావ చేరకముందు వచ్చినట్టు గుర్తు. అదీ ఇదీ ఒకటో కాదో. వాడు చేశాడో, నేను చేశానో. ఆ గోకుడు మాత్రం నాలాగే ఉంది. అప్పట్లో నాకు కాస్త దూకుడెక్కువ."

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు?"

"నన్నెవరు అడిగారమ్మాయ్? నువ్వు అంత గట్టిగా చెబుతున్నావ్. వాడూ తల ఊపుతున్నాడు. ఆవిడేమో లేచి వెళ్లేట్టుంది. ఆ పని పోతే నేను షట్టర్ దించుకోవాలి." కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఒక పేరు కావలసొచ్చింది. అది నువ్విచ్చావ్."

"పిలిపించండి బావని" అన్నాను.

"పిలిపిస్తే మీ మేడమ్‌కి ఏం చెప్పను? నువ్వు చెబుతావా, నేను పొరపడ్డానని? చెప్పు. చెప్పాక ఆ కోటు నీ ఒంటి మీద ఉంటుందేమో చూద్దాం." నిజంగానే అడిగినట్టు నా మొహం వైపు చూస్తూ కూర్చున్నారు.

నేను సంచి భుజాన వేసుకున్నాను. టీ తెప్పిస్తానన్నారు. వద్దన్నాను.


ఏప్రిల్ 11

ముందు బావ దగ్గరికి వెళ్లాలి. తర్వాత మేడమ్ దగ్గరికి. వరసగా. రేపు మ్యూజియం మూశాక బస్టాండుకి వెళ్తాను. ఏం చెప్పాలో రెండు మూడు రకాలుగా అనుకున్నాను. "పొరపాటు పడ్డాను బావా" అనాలి. ఆయన ఏదో వెటకారం చేస్తాడు, చెయ్యనీ. ఈసారి పడతాను. తర్వాత మేడమ్‌తో, ఆ చెయ్యి ఎవరిదో రుజువు లేదని చెప్పాలి. "రుజువు లేదు" అంటే చాలేమో. నేను అబద్ధం చెప్పానని అర్థం కాదు కదా అది.

రేపు తప్పకుండా.


ఏప్రిల్ 12

మేడమ్ సమావేశంలో ఉంది. ఆమెకి ఎలా చెప్పాలో తేలకుండా బావ దగ్గరికి వెళ్లి ఏం లాభం?


ఏప్రిల్ 15

వెళ్లలేదు. బడిపిల్లలు బస్సుల్లో వచ్చారు, గది కిక్కిరిసిపోయింది. ఊపిరాడనంత ఉక్క. గాజు తలుపు తీసి ఇస్తే ఒక పాప వేలు పెట్టి తన పేరు కొట్టుకుంది. పిల్లలు ఇంటికి వెళ్లేటప్పుడు కూడా అది తెర మీదే ఉంది.

మిషన్ పొద్దున్నుంచి మూసేదాకా ఒక్కసారి కూడా ఆగలేదు.